బొగ్గు పడదన్న చీటీ

మంగయ్య ముప్పై ఒక్క ఏళ్ళు భూమి లోపల బొగ్గు తీశాడు. పైకప్పు రాయి కూలబోయే ముందు చేసే చిన్న చప్పుడును పది గజాల దూరం నుంచి పట్టేవాడు. గాలిలో ఏ తేడా వచ్చినా ముక్కుతోనే చెప్పేవాడు. అలాంటి మనిషికి కన్నకూతురి మొహం మీద లేచిన మొటిమల సంగతి మాత్రం ఎనిమిది నెలలుగా ఒక్క ముక్క బోధపడలేదు. బోధపడకపోతే ఊరుకునే రకమా అంటే, అదీ కాదు. తనకు తెలియని ప్రతి పనిలోనూ ముందుగా చెయ్యి పెట్టేది ఆయనే.

టేకులపల్లి చివర, ఇళ్ళు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఆయన ఇల్లు. భార్య గురవమ్మ, ఒక్కగానొక్క కూతురు మధులత. ఊపిరితిత్తుల్లో బొగ్గు పేరుకుపోయిందని మెడికల్ బోర్డు ఆయన్ను రెండేళ్ళ కిందట అన్‌ఫిట్ చేసింది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, గట్టిగా నవ్వితే దగ్గు. అలా దిగిపోయినవాళ్ళ పిల్లలకు కంపెనీలో ఉద్యోగం వస్తుంది. కాగితాలు ఆఫీసుల చుట్టూ తిరిగి రావడానికి ఏడాది పైనే పట్టింది. చివరికి ఈ జనవరిలో మధులత డ్యూటీకి ఎక్కింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, కొత్తగూడెంలో డిగ్రీ చదివింది. పని గని లోపల కాదు, పైన. బొగ్గును పగలగొట్టి, బెల్టుల మీద సాగించి, రైలు వ్యాగన్లలోకి పోసే ప్లాంటులో. బెల్టు పక్కన రాలిన బొగ్గు ఎత్తిపోయాలి, రోలర్లు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో కనిపెట్టుకుని ఉండాలి. ఎనిమిది గంటలూ దుమ్ములోనే.

డ్యూటీకి ఎక్కే మొదటి రోజు పొద్దున ఐదింటికే మంగయ్య లేచి కూర్చున్నాడు. పిల్ల స్నానం చేసి రాగానే పిలిచి ఎదురుగా నిలబెట్టుకున్నాడు. అరచేతిలో ఇంత కొబ్బరినూనె పోసుకుని, రెండు చేతులూ రుద్ది వెచ్చగా చేసి, "కండ్లు మూసుకో బిడ్డా," అన్నాడు. నుదుటి నుంచి మొదలుపెట్టి, కణతలు, బుగ్గలు, చెవుల వెనక, దవడ కింద దాకా దట్టంగా పట్టించాడు. కనురెప్పల మీద చిటికెనవేలితో మెల్లగా రాశాడు.

ఇది ఆయన కనిపెట్టిన వైద్యమేమీ కాదు. గనిలోకి దిగేవాళ్ళందరూ చేసే పనే. మొహానికి నూనె ఉంటే బొగ్గు చర్మానికి అంటుకోదు. డ్యూటీ దిగాక ఒక్క సబ్బుతో వదిలిపోతుంది. నూనె రాసుకోకుండా దిగినవాడి కనురెప్పల అంచున బొగ్గు కాటుకలా మిగిలిపోతుంది, రెండు రోజులు తోటివాళ్ళు వాడిని పెళ్ళికూతురని ఏడిపిస్తారు. మంగయ్యకు వాళ్ళ నాన్న రాశాడు. మంగయ్య ముప్పై ఒక్క ఏళ్ళు తనకు తానే రాసుకున్నాడు. ఇప్పుడు కూతురికి రాశాడు. అది డ్యూటీకి పోతుంటే తాను ఇవ్వగలిగింది ఇంకేముంది!

రెండు నెలలు తిరిగేసరికి మధులత నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట ఆవగింజంత గింజలు వరసగా లేచాయి. ఎండలు ముదిరేనాటికి అవి బుగ్గల మీదికి, దవడ కిందికి దిగాయి. కొన్ని ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే కన్నీళ్ళు తెప్పించేవి. అంతకుముందు ఇంటర్లో ఉన్నప్పుడు రెండో మూడో వచ్చి పోయిన పిల్లే. ఇవి అలా పోయే రకంగా లేవు.

ఇక మొదలైంది సలహాల జాతర. మొటిమలంటే మన జనానికి ఎంత చులకనో చూడండి. కడుపునొప్పి అంటే దవాఖానాకు పొమ్మంటారు, కాలు విరిగితే కట్టు కట్టించమంటారు. మొటిమ అనేసరికి ప్రతివాడూ డాక్టరే. పక్కింటి సుశీలమ్మ వచ్చి చూసి, "వేడి చేసింది అక్కా. పిల్లకు సబ్జా నీళ్ళు తాపు, కోడికూర బంద్ పెట్టు," అని గురవమ్మకు చెప్పింది. కోడికూర బంద్ అయింది. గుడ్డు బంద్. మామిడిపండు బంద్. పల్లీలు బంద్. ఆ ఎండాకాలమంతా ఆ ఇంట్లో తినదగిన వస్తువంటూ పెరుగన్నం ఒక్కటే మిగిలింది. అయినా మొటిమలకు ఆకలి తగ్గలేదు. ఒకరు చందనం అన్నారు, ఇంకొకరు పళ్ళపేస్టు అన్నారు. పేస్టు పెట్టిన రాత్రి మొహం మంటెత్తి పిల్ల నిద్రపోలేదు. మంగయ్య ప్రతి సలహానూ నమ్మాడు. ఒకటి పనిచేయకపోతే దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న సలహానూ అంతే భక్తిగా నమ్మాడు. పొద్దున ఐదింటికి నూనె రాయడం మాత్రం ఒక్క రోజూ మానలేదు. అది వైద్యం కాదు కదా, డ్యూటీలో భాగం.

మే నెలలో ఆయనే మందుల షాపుకు పోయాడు. షాపు శివకుమార్ ఎదుటి మనిషి మాట పూర్తి కాకముందే ఒక ట్యూబు బల్ల మీద పెట్టాడు. "ఇది రాయన్రి మామా. వారంల మొహం అద్దమైతది," అన్నాడు.

వారం కూడా పట్టలేదు. ఐదో రోజుకే ఎరుపు తగ్గింది, గింజలు అణిగాయి, రంగు కూడా తేలింది. మంగయ్య ఆనందం ఇంతా అంతా కాదు. వీధిలో కనపడ్డవాడికల్లా ఆ ట్యూబు పేరు చెప్పాడు. నెల రోజులయ్యాక, ఇక తగ్గింది కదా అని మధులత ఆపేసింది. నాలుగో రోజున మొహమంతా కాలినట్టు ఎర్రబడి, పాతవి పాతిక అయితే కొత్తవి యాభై లేచాయి. మళ్ళీ ట్యూబు రాస్తే అణిగాయి. మళ్ళీ ఆపితే లేచాయి. రాస్తే తప్పా, ఆపితే తప్పా? మంగయ్య తల గోక్కున్నాడు.

ఆయనకు అన్నిటికన్నా తికమక పెట్టిన ప్రశ్న వేరే ఉంది. ఒకే బొగ్గు, ఒకే నూనె. ముప్పై ఒక్క ఏళ్ళలో తన మొహం మీద ఒక్క మొటిమ లేచి ఎరగడు. పిల్ల పైన పనిచేస్తుంది, తాను లోపల పనిచేశాడు. మరి దానికే ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు ఆయన మిత్రుడు లచ్చిరాం దగ్గర దొరికింది. లచ్చిరాం కూడా గనిలోనే చేసి దిగాడు.

"మన కాలం బొగ్గు వేరే మంగన్నా. మనం సబ్బల్ తోటి తీసినం. ఇప్పుడు మిషిన్లు పిండి చేస్తున్నయ్. ఆ పిండి తోలులకు దిగుతది. ఆడపిల్ల తోలు మెత్తగుంటది, ఎట్ల ఆపుతది?" అన్నాడు.

ఆ మాట మంగయ్య మనసులో దిగబడిపోయింది. అక్టోబరులో ఒక సాయంత్రం మధులత దుమ్ము మాస్కు ఉతకడానికి తీస్తే, లోపలి వైపు రెండు చోట్ల నెత్తురు చుక్కలు కనపడ్డాయి. దవడ మీద ఉబ్బిన మొటిమలను మాస్కు అంచు ఒరుసుకుని కారిన నెత్తురు అది. మంగయ్య తన తువ్వాలు మీద అలాంటి ఎర్రచుక్క చూసిన రోజే ఆయన ఉద్యోగానికి రోజులు దగ్గరపడ్డాయి. నా ఊపిరి తీసుకుంది చాలక నా బిడ్డ మొహం మీద పడిందా ఈ బొగ్గు అనుకున్నాడు. తన చేతులతోనే పిల్లను తీసుకుపోయి దానికి అప్పగించానన్న భయం ఆయన్ను పట్టుకుంది.

ఆ వారమే ఒక నిర్ణయానికి వచ్చాడు. మధులతకు బొగ్గు పడదని డాక్టరు చేత చీటీ రాయించాలి. ఆ చీటీ చూపించి, దుమ్ము లేని ఆఫీసు పనికి మార్చమని అర్జీ పెట్టాలి. అర్జీ కూడా రాయించాడు. పిల్ల సంతకం ఒక్కటే తక్కువ.

మధులత కాగితం చదివి పక్కన పెట్టేసింది. "నేనింకా పర్మినెంటు కాలే నాయినా. సరిపడా హాజరు మస్టర్లు పడాలె. ఇప్పుడే బొగ్గు పడదని కాగితం పెడితే, పడకపోతే ఇంటికి పో అంటే ఏం చేద్దాం?"

"గట్ల అనరు."

"లచ్చిరాం బాబాయి గూడ గదే అన్నడు గద."

అవును, అన్నాడు. నిన్ననే అన్నాడు. బొగ్గు వల్లనే అని చెప్పింది అతనే, బొగ్గు వల్ల అని రాయిస్తే ఉద్యోగం పోవచ్చు అన్నదీ అతనే. మంగయ్య రెండు మాటలనూ ఎప్పటిలాగే నమ్మాడు. ఉద్యోగం పోతే ఇల్లు గడవదు, పిల్లకు మళ్ళీ అలాంటిది దొరకదు. పోకపోతే మొహం దక్కదు. రెండు రోజులు ఆలోచించి, "పోతే పోనీ. నీ మొహంకన్న ఎక్కువనా?" అన్నాడు.

"నాకా పని ఇష్టం నాయినా," అంది మధులత. "రోలర్ పాడైతాంటే చప్పుడు మారుతది. వనజక్క కంటె ముందు నేనే పట్టుకుంటున్న." వనజ ఆమెతో పాటే బెల్టు దగ్గర పనిచేసే ఆవిడ. ఆ మాట విని మరో రోజైతే మంగయ్య పొంగిపోయేవాడు. ఆ రోజు వినపడనే లేదు.

నవంబరులో పిల్లకు సెలవు ఉన్న రోజు చూసి ఖమ్మం బయలుదేరదీశాడు. అక్కడ చర్మం డాక్టరు మంచామె ఉందని ఎవరో చెప్పారు. ఆ మాట చెప్పినప్పుడు మధులత ఏదో అనబోయి ఆగింది.

డాక్టరు లిఖిత చిన్న వయసు మనిషి, సత్తుపల్లి వైపు నుంచి వచ్చిన రైతుల పిల్ల. గదిలోకి పోగానే మంగయ్య కూర్చోకుండానే విషయం చెప్పేశాడు. "డాక్టరమ్మా, మా బిడ్డకు బొగ్గు పడుతలేదు. ఆ ముక్క ఒక్కటి రాసియ్యున్రి. మందులు గిట్ల తర్వాత చూద్దాం."

ఆమె మధులత గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పింది. నుదురు, కణతలు, చెవుల వెనక, దవడ కింద. చూసి చూసి, కొంచెం నవ్వు, కొంచెం విసుగు కలిసిన గొంతుతో అంది: "నువ్వు జూలైలో వచ్చావు కదమ్మా?"

మధులత తల దించుకుంది. మంగయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఎవరు వచ్చారు? ఎక్కడికి? జూలైలో వనజతో కలిసి ఏదో పరీక్ష అప్లికేషను అని ఒక పూట పోయింది. అదేనా?

డాక్టరు కంప్యూటరులో వెతికి పాత చీటీ తీసింది. "ఇదిగో. ఆ స్టిరాయిడ్ ట్యూబు వెంటనే ఆపేయమన్నాను. ఆపిందండి, మంచిదే. ఆపిన కొత్తలో ఇంకా ఎక్కువ కనపడుతుంది, భయపడొద్దని కూడా చెప్పాను. ఆ ట్యూబు పైపైన అణుస్తుంది కానీ చర్మాన్ని పాడుచేస్తుంది. రాత్రి రాసుకునే మందు ఇచ్చాను. మూడు నెలలు ఓపిక పడితే తగ్గాలి. తగ్గలేదంటే..." అని మధులత వైపు తిరిగింది. "రెండో మాట చెప్పాను కదా, అది ఆపావా?"

మధులత నాన్న వైపు ఓసారి చూసింది.

"ఏమండీ, ఇంట్లో కొబ్బరినూనె రాసేది ఎవరు?" అంది డాక్టరు.

"నేనే," అన్నాడు మంగయ్య, అదేదో మెచ్చుకోలు ప్రశ్న అయినట్టు. "డ్యూటీకి పోయేటోళ్ళు అందరు రాస్తరు. మా నాయిన రాసిండు. నేను ముప్పై ఒక్క ఏండ్లు రాసుకున్న."

డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకుంది. కాగితం మీద చిన్న గొట్టంలాంటి బొమ్మ గీసింది. "చర్మంలో ఇలాంటి సన్నని దారులు వేలకు వేలు ఉంటాయండి. లోపల పుట్టే జిడ్డు ఈ దారి గుండా బయటికి వస్తుంది. ఈ వయసులో ఆ జిడ్డు ఎక్కువ పుడుతుంది. దారి మూసుకుపోతే లోపలే నిలిచి, వాచి, చీము పడుతుంది. అదే మొటిమ. మురికి వల్ల రాదు, వేడి వల్ల రాదు. బొగ్గు దుమ్ము చర్మాన్ని కాస్త చిరాకు పెడుతుంది, కాదనను. ఇంటికి రాగానే మెత్తని సబ్బుతో కడుక్కుంటే చాలు. కానీ అసలు దారికి మూత పెడుతున్నది మీ నూనె."

గాలి దారి మూసుకుపోయిన గని సొరంగం ఎలా ఉంటుందో మంగయ్యకు ఒకరు చెప్పాలా? ఆ బొమ్మ ఆయనకు వెంటనే అర్థమైంది. అర్థమవడమే ఆయనకు నచ్చలేదు.

"మరి నాకెందుకు రాలేదమ్మా?" అన్నాడు.

"అందరి చర్మం ఒకటి కాదండి. మీకు పడింది, ఆమెకు పడలేదు. ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా?"

"ఎవలకు లేదు," అన్నాడు గట్టిగా.

డాక్టరు లేచి వచ్చి, మధులత మొహం దగ్గర వేలితో గాలిలో గీస్తూ చూపించింది. "మీరే చూడండి పెద్దాయనా. మాస్కు కప్పేది ముక్కు, నోరు. బొగ్గు వల్లైతే మాస్కు కప్పని చోటంతా ఉండాలి కదా? కళ్ళ కింద కూడా దుమ్ము పడుతుంది, అయినా అక్కడ ఎంత తక్కువున్నాయో చూడండి. నుదుటి మీద, కణతల మీద, బుగ్గల మీద, చెవుల వెనక, దవడ కింద... మీ చెయ్యి తిరిగిన దారంతా ఉన్నాయి."

మంగయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు.

"ప్లాంటుకు పోయాకైనా ఆ నూనె తుడుచుకుంటున్నావా?" అని డాక్టరు మధులతను అడిగింది. "దేనితో?"

"సబ్బు పెట్టి, తువ్వాలతోటి," అంది మధులత మెల్లగా. "గట్టిగ రుద్దుకుంట మేడం. నూనె పోవాలె గద."

"రుద్దబట్టే ఇవన్నీ రేగాయి. నూనె రాయడమెందుకు, అంత దూరం పోయి రక్కుకోవడమెందుకు? ఇంట్లో వద్దని చెప్పలేవా?"

డాక్టరు మళ్ళీ మూడు నెలల మందులు రాసింది. గిల్లవద్దు, రుద్దవద్దు, మధ్యలో ఆపవద్దు అంది. చీటీ కింద తెలుగులోనే పెద్ద అక్షరాలతో 'మొహానికి ఏ నూనె వద్దు' అని రాసి రెండు గీతలు గీసింది. జూలై చీటీలో కూడా అదే చోట అవే రెండు గీతలు ఉన్నాయి. బొగ్గు పడదన్న చీటీ మాత్రం ఇవ్వలేదు. అబద్ధం రాయలేనంది.

బస్‌స్టాండులో బెంచీ మీద కూర్చున్నాక మంగయ్యకు కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియని కోపం. డాక్టరు మీద అనుకుంటే ఆమె మాట సబబుగానే ఉంది. తన మీద అనుకుంటే, తాను చేసింది తన నాన్న చేసిందే. మిగిలింది పిల్ల.

"నాలుగు నెలల కింద చెప్పింది గద డాక్టరమ్మ. నాకెందుకు చెప్పలే?"

"మరిచిపోయిన."

"రోజు పొద్దున నూనె రాసేటప్పుడు గూడ యాదికి రాలే?"

మధులత బస్సుల వైపు చూస్తూ కూర్చుంది. ఇల్లందు బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నారు. బస్సు ఊరు దాటేదాకా మంగయ్య తనలో తానే లెక్కలు వేసుకున్నాడు. పిల్లకు నేనంటే భయమా? ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదే. సిగ్గా? మొండితనమా? వద్దు అన్న ఒక్క మాట. నోరు లేని పిల్ల కాదు, అర్జీ మీద సంతకం పెట్టనని మొహాన్నే చెప్పింది. అంత పెద్ద మాటకు లేని భయం ఇంత చిన్న మాటకు ఏమిటి?

"నువ్వు అన్‌ఫిట్ అయినంక ఎట్ల ఉన్నవో నీకు యాదికున్నదా నాయినా?" అంది మధులత హఠాత్తుగా, కిటికీలోంచి చూపు తిప్పకుండానే.

"ఎట్ల ఉన్న? మంచిగనే ఉన్న."

"పొద్దెక్కి పది దాక లేవకపోదువు. గోడ దిక్కు తిరిగి పండుకునేటోడివి. లచ్చిరాం బాబాయి వస్తే నిద్రపోయినట్టు కండ్లు మూసుకునేటోడివి. అమ్మ పళ్ళెం తెచ్చి పక్కన పెట్టి పోయేది. ఏడాది గట్లనే గడిచింది."

మంగయ్య కాదనబోయాడు. తాను ముప్పై ఏళ్ళూ ఐదింటికి లేచిన మనిషి. అన్‌ఫిట్ అయినా ఐదింటికే లేచాడు. లేచాడు కదా? ఆ ఏడాదిలో ఒక్క పొద్దునైనా గుర్తు తెచ్చుకుందామని చూశాడు. గోడకు పెచ్చులు లేచిన చోటు ఒక్కటే గుర్తుకొచ్చింది.

"నేను డ్యూటీకెక్కిన దినం నువ్వు ఐదింటికి లేచినవ్," అంది మధులత. "రమ్మని పిలిచినవ్. అమ్మ వంటింట్ల నిలబడి చూసి ఏడ్చింది, నీకు తెలవదు. ఆ ఒక్క పనికే లేస్తున్నవ్ నాయినా. దాని తర్వాత చాయ్ తాగుతున్నవ్, బయట కూసుంటున్నవ్, మాట్లాడుతున్నవ్. నూనె వద్దంటే మళ్ళ గోడ దిక్కు తిరుగుతవేమోనని..."

మాట పూర్తి చేయలేదు. మంగయ్యకు దుఃఖం వచ్చింది, దుఃఖంతో దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా పిల్ల వీపు రాస్తూ కూర్చుంది. ముందు సీటులోని ముసలామె నీళ్ళ సీసా ఇచ్చింది.

ఇంటికి వచ్చాక గురవమ్మకు జరిగింది చెప్పబోతే, ఆమె బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"నీకు గూడ తెలుసా?" అన్నాడు.

"తెలుసు. నీకు చెప్తనంటే అది నా చెయ్యి పట్టుకుని వద్దన్నది."

"డాక్టరమ్మ ఇంట్ల ఎవలకన్న ఉండేనా అని అడిగింది. ఎవలకు లేదని చెప్పిన."

గురవమ్మ అప్పుడు తల ఎత్తింది. బుగ్గల మీద చిన్న చిన్న గుంటలు చూపిస్తూ, "మరి ఇవి ఏందయ్యా?" అంది.

"అవి అమ్మవారు పోసిన మచ్చలు గద!"

"అమ్మవారు పోసిందని ఎవలు చెప్పిన్రు నీకు? మొటిమలవి. నాకు పద్దెనిమిదేండ్లప్పుడు దీనికంటె ఘోరం. మా అమ్మ ఆముదం రాసి ఇంకింత పాడుచేసింది. ఎన్నడన్న అడిగినవా నువ్వు?"

ముప్పై ఏళ్ళ సంసారం. ఆ గుంటలను రోజూ చూశాడు, ఒక్కసారీ అడగలేదు. తనకు తెలుసనుకున్నాడు. మంగయ్య వాకిట్లో కూర్చుని, ఇంకా తనకు తెలుసనుకున్నవి ఏమేమి ఉన్నాయో ఆలోచించాడు. ఎంత ఆలోచించినా తెగలేదు. అర్జీ కాగితాన్ని మాత్రం పొయ్యిలో పెట్టమని గురవమ్మకు ఇచ్చేశాడు.

మర్నాడు ఐదింటికి మెలకువ వచ్చింది. మంగయ్య కళ్ళు తెరవలేదు. లేచి ఏం చేయాలి? చేతులకు పని లేదు. చాయ్ గురవమ్మ పెడుతుంది, టిఫిన్ డబ్బా ఆమే కడుతుంది. బస్సు వీధి చివరికే వస్తుంది, తోడు పోవాల్సిన పని లేదు. ఒక గంట తర్వాత లేచినా నష్టపోయేవాళ్ళు లేరు. ఎనిమిదింటికి లేచినా అంతే. దుప్పటి వెచ్చగా ఉంది, గోడ పక్కనే ఉంది. అటు తిరిగి పడుకోవడానికి ఒళ్ళు తనంతట తానే సర్దుకుంటున్నట్టు తెలిసింది, దాంతో ఆయనకు భయమేసింది.

మధులత స్నానం చేసి వచ్చిన అడుగుల చప్పుడు వినపడింది. అడుగులు గుమ్మం దగ్గర ఆగాయి. చాలాసేపు ఆగాయి. పిల్ల తన వైపు చూస్తోందని కళ్ళు మూసుకునే తెలిసింది ఆయనకు. తర్వాత అడుగులు మెల్లగా వంటింటి అలమర వైపు నడిచాయి. అలమర తలుపు కిర్రుమంది. అక్కడుండేది నూనె సీసా.

మంగయ్య దుప్పటి ఒక్క ఊపున తీసి అవతల పారేశాడు.

"లేచిన బిడ్డా, లేచిన!" అని గట్టిగా అరిచాడు. దగ్గు వచ్చింది. దగ్గుతూనే మంచం దిగి నిలబడ్డాడు. "దాన్ని అక్కడ్నే పెట్టు. నేను లేచే ఉన్న."